మా కుండలోకి ఏది ఎప్పుడొచ్చింది

మాల మాదిగల తిండి గురించి మాట్లాడినవాళ్ళు ఇంతవరకు రెండే రకాలు. అసహ్యించుకున్నవాళ్ళు కొందరు, జాలిపడినవాళ్ళు కొందరు. వీళ్ళు ఏం తింటారని అడిగినవాళ్ళున్నారు గానీ, ఎప్పట్నుంచి తింటున్నారు, అంతకు ముందు ఏం తినేవారు, ఎందుకు మారింది అని అడిగినవాళ్ళు బహు తక్కువ. చరిత్ర అనేది రాజుల విందులకి ఉంటుంది గానీ మా కుండకెందుకుంటుంది? మాకున్నది వట్టి 'అలవాటు'. ఆ అలవాటు మా రక్తంలోనే ఉన్నట్టు, పుట్టుకతోనే వచ్చినట్టు మాట్లాడతారు.

నేను కోనసీమలో ఒక మాదిగపేటలో పుట్టాను. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది మొట్టమొదట నేనే. ఇప్పుడు సర్కారు బళ్ళో సాంఘికశాస్త్రం చెబుతున్నాను. ధవళేశ్వరం ఆనకట్ట గురించి, హరిత విప్లవం గురించి ఏటా చెబుతాను. ఆ పాఠాల్లో లేని సగం మా మామ్మ నోట విన్నాను. మామ్మకి అక్షరం ముక్క రాదు. కానీ ఏ ఏడు ఏం తిన్నామో, ఏ ఏడు ఏం తినలేదో ఆవిడకి కంఠతా వచ్చు. పుస్తకంలో సగాన్నీ, మామ్మ చెప్పిన సగాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే మా కుండలో పడ్డ ప్రతి గింజకీ, ప్రతి ముక్కకీ ఒక కారణం కనపడింది. అదే ఇక్కడ రాస్తున్నాను.

గోదావరి జిల్లాలంటే అన్నపూర్ణ అంటారు. ఆ పేరొచ్చి రెండొందల ఏళ్ళు కూడా కాలేదు. 1821 ప్రాంతంలో రాజమండ్రి జిల్లా జనాభా 7 లక్షల 38 వేలు. ఇరవయ్యేళ్ళు తిరిగేసరికి అది 5 లక్షల 61 వేలకు పడిపోయింది. మధ్యలో 1833 కరువొచ్చింది, 1839లో కోరంగి ఉప్పెనొచ్చింది. అంత పెద్ద నది పక్కనే పారి సముద్రంలో కలిసిపోతుంటే గట్టు మీద జనం ఆకలికి చచ్చారు, బతికున్నవాళ్ళు వలసపోయారు. ఆ లెక్కల్లో కులం పేరు రాయలేదు. ముందు ఎవరు పోయి ఉంటారో చెప్పడానికి లెక్క అక్కర్లేదు కూడా.

అప్పటిదాకా పేదోళ్ళ తిండి మెట్ట గింజ. చోళ్ళు, గంట్లు, జొన్నలు. మా మామ్మ తన చిన్నప్పుడు వాళ్ళ మామ్మ చెప్పగా విన్నదంట, వరన్నం పండక్కి, పురుటికి తప్ప ఎరగమని. మిగతా రోజులన్నీ చోడంబలే. ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టాడు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా నదికి అడ్డంగా నిలబెట్టాడు. కాలవలొచ్చాయి. మెట్ట పల్లమైంది. చోడి చేలు వరి చేలయ్యాయి. కాటన్ దొర విగ్రహాలకి ఇప్పటికీ దండలేస్తారు. వేయాల్సిందే. కానీ ఆ కాలవలు తవ్విన తట్టలు, పారలు ఎవరివి? నీళ్ళు పారిన భూమి ఎవరిదయింది? భూమి ఉన్నవాడికి నీళ్ళొచ్చాయి. భూమి లేనివాడికి పనొచ్చింది.

ఆ పనికి కూలి వడ్లలో కొలిచారు. పాలేరుకి ఏటికిన్ని బస్తాలు, కూలికి రోజుకిన్ని కుంచాలు, మా తాత కుట్టిచ్చే చెప్పులకీ, మోట తోళ్ళకీ కళ్ళంలో ఇన్ని గింజలు. కూలి వడ్లలో వచ్చింది కాబట్టి మేం వరన్నం తినేవాళ్ళమయ్యాం. నాలుక కోరి కాదు. మాకిచ్చిన వడ్లలో తాలు ఎక్కువ, వానకి తడిసి రంగు మారినవి ఎక్కువ. దంచితే సగం నూకలే. అందుకని మా పేటలో నూకన్నం ఉండేది, నూకల జావ ఉండేది. పెద్దిళ్ళలో నూకలు కోళ్ళకి వేసేవాళ్ళు. అవే నూకలు మా ఇంట్లో మనుషులు తిన్నారు. తర్వాత రోజుల్లో దాన్ని 'వాళ్ళ అలవాటు' అన్నారు.

కుదరని వాళ్ళు సముద్రం దాటారు. కాకినాడ, కోరంగి రేవుల్నుంచి ఓడెక్కి రంగం పోయారు. బర్మాలో తెలుగు కూలీని కోరంగీ అనే పిలిచేవారు. అక్కడా వరి కోతలే, బియ్యం మిల్లులే, రేవులో బస్తాల మోతలే. 1930 మే నెలలో రంగం రేవు పని కోసం బర్మా వాళ్ళకీ తెలుగు కూలీలకీ మధ్య గొడవలు రేగి మనవాళ్ళు చాలామంది చచ్చిపోయారు. 1942లో యుద్ధమొచ్చాక నడిచి తిరిగొచ్చినవాళ్ళు కొందరు, దారిలో పోయినవాళ్ళు ఎందరో. లోకానికంతా బియ్యం ఎత్తిన భుజాలు తమ ఇంటికి మాత్రం నూకలే తెచ్చుకున్నాయి.

ఇక్కడ ఇంకో ముచ్చట చెప్పాలి. ఈ దేశంలో బెరిబెరి జబ్బు ఎక్కువగా ఉన్నది మన ఉత్తర సర్కారు జిల్లాల్లోనే అని ఇరవయ్యో శతాబ్దపు మొదట్లో డాక్టర్లు తేల్చారు. కూనూరులో మెకారిసన్ అనే ఆయన 1920లలో దీని మీద పనిచేశాడు. కారణం మిల్లు బియ్యం. వడ్లు ఉడకబెట్టకుండా పచ్చివే మిల్లాడించి, తవుడంతా పోయేదాకా తెల్లగా పాలిష్ పట్టించి తింటే ఒంట్లో బి1 విటమిన్ ఉండదు. బియ్యం పదేపదే కడిగినా, గంజి వార్చి పారబోసినా ఉన్న కాస్తా పోతుంది. మరి మా మామ్మ గంజి పారబోసేది కాదు. ఉప్పేసి పిల్లలకి తాగించేది, మిగిలింది కుండలో పోసి తరవాణి చేసేది. రాత్రన్నంలో నీళ్ళు పోసి తెల్లారి చద్దన్నం పెట్టేది. లేనితనం వల్ల చేసిన పని అది. కానీ ఏది పారబోయాలో ఏది దాచాలో మా ఆడాళ్ళకి తెలుసని చెప్పడానికి కూడా అదే సాక్ష్యం. ఇవాళ పట్నంలో చద్దన్నం ఆరోగ్యమని హోటళ్ళలో మట్టి ముంతల్లో అమ్ముతున్నారు. మేం తిన్నన్నాళ్ళు అది చద్దికూడు.

చద్దన్నం ఎందుకొచ్చిందో కూడా చూడండి. ఊడ్పుల రోజుల్లో మా అమ్మ కోడికూతకి ముందే లేచి వెళ్ళాలి. పొయ్యి రాజేసి వండే టైము లేదు, పుల్లలూ లేవు. రోజుకొక్కసారే వంట, అదీ రాత్రే. తెల్లారి ఆ అన్నమే, పక్కన ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. మధ్యాహ్నం చేను గట్టు మీద అదే. కూర కొనేందుకు డబ్బుల్లేవు, పెంచుకునేందుకు పెరడు లేదు. ఇల్లంటే కాలవ గట్టు మీద ఒక పాక. ఇంత అన్నం లోపలికి పోవాలంటే దానికి తోడు రవ్వంతైనా గట్టిగా పనిచేసే సరుకు కావాలి. అందుకే అంత కారం, అంత ఉప్పు. ఎండు నెత్తళ్ళు, రొయ్యపొట్టు, గోంగూర పచ్చడి, తెలగపిండి. ఒక్క ఎండుచేప నిప్పుల మీద కాల్చి నలుగురు తినొచ్చు. కారం తింటారు కాబట్టి వీళ్ళకి కోపాలెక్కువ అని స్టాఫ్ రూముల్లో అనుకోవడం నేను విన్నాను. కారం వెనకున్నది కోపం కాదు, కూలి రేటు.

మాంసకృత్తులు పాఠం చెప్పేటప్పుడు పాలు, పప్పులు, గుడ్లు అని పుస్తకంలో ఉంటుంది. మాకు పాలిచ్చే గేదె లేదు. కందిపప్పు పండక్కి. మరి మాలో బలం ఎక్కణ్ణుంచి వచ్చింది? చేలోంచి, బోదెలోంచి వచ్చింది. మా క్యాలెండరు కాలవ క్యాలెండరు. సార్వా ఊడ్పులప్పుడు చేలో నత్తలు, పీతలు. మడి నీళ్ళలో పరిగెలు, జల్లలు, మట్టగిడసలు. భాద్రపదం నుంచి కోతల దాకా పనుండదు, అప్పుడు గట్ల మీద పొన్నగంటి కూర, చెంచలి కూర, రాలిన తాటిపండ్లు. కోతలయ్యాక పరిగె ఏరుకోవడం, ఎలక కన్నాలు తవ్వడం. కన్నంలో ఎలక దాచిన వడ్లు దొరికేవి, ఎలకా దొరికేది. చలికాలం తేగలు. వేసవిలో కాలవలు కట్టేస్తే మడుగుల్లో మిగిలిన చేపల కోసం పేటంతా బురదలో దిగేది. ఇవి ఎవరి పొలంలోవైనా ఎవరూ పండించినవి కావు. అందుకే మాకు దక్కాయి. గోదావరి తిండి గురించి రాసేవాళ్ళంతా పుస్తెలమ్మయినా పులస తినాలి అనే సామెత చెబుతారు. మా ఆడాళ్ళ మెళ్ళో పుస్తె ఏది? పసుపు కొమ్ము కట్టుకున్నవాళ్ళు పులస గురించి సామెతలు చెప్పరు.

ఇక పెద్దకూర. దాచకుండా చెబుతాను. ఊళ్ళో గొడ్డు చస్తే మా తాతకి కబురొచ్చేది. లాక్కెళ్ళడం, తోలు తీయడం మా పని. తోలు చెప్పులయ్యేది, మోట బొక్కెనయ్యేది. మాంసం మాది. అది మేం అడిగిన హక్కు కాదు, మాకు అంటగట్టిన పనికి ఇచ్చిన కూలి. ఒక్కరోజులో తినలేనిది సన్నగా కోసి, ఉప్పు పసుపు పట్టించి, దండేల మీద ఆరేసి ఎండు తునకలు చేసేవాళ్ళు. పని లేని నెలల్లో గుప్పెడు తునకలు, చింతకాయ వేసి పులుసు పెడితే ఇంటిల్లిపాదికీ ఆ పూట గడిచేది. ఐస్ పెట్టెలు లేని రోజుల్లో మాంసాన్ని నెలల తరబడి నిలవ చేసే విద్య అది. దాన్ని ఏ వంటల పుస్తకంలోనూ రాయలేదు.

బాబాసాహెబ్ అంబేడ్కర్ 1927లో మహద్ సభలో చచ్చిన గొడ్డు మాంసం మానేయండని చెప్పారు. 1948లో అంటరానివాళ్ళ పుట్టుక గురించి రాసిన పుస్తకంలో అంటరానితనానికీ గొడ్డు మాంసానికీ ఉన్న ముడిని చరిత్రగా విప్పారు. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం అనుకునే కుర్రాళ్ళున్నారు. కాదు. ఊరు విసిరేసిన దాన్ని తీసుకోవద్దన్నారు ఆయన. తినే తిండిని బట్టి మనిషిని కొలిచే ధర్మం ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా ఆయనే చెప్పారు. 1944 సెప్టెంబరులో ఆయన రాజమండ్రి, కాకినాడ వచ్చారు. అంతకు ముందే రాజమండ్రిలో కుసుమ ధర్మన్న కవి 'మాకొద్దీ నల్లదొరతనము' అని రాసి మా పేటల్లో మాట లేపారు. మా పేట పెద్దలు కూడా ఆ రోజుల్లోనే కూర్చుని, చచ్చినదాన్ని తెచ్చుకోవద్దు, తినాలనుకుంటే కొనుక్కుని తిందాం అని కట్టుబాటు చేసుకున్నారని మామ్మ చెప్పేది. కొనుక్కుని తినడం అనేది వాళ్ళకి ఆత్మగౌరవం మాట. ఆకలి నెలల్లో ఆ కట్టుబాటు ఎన్నిసార్లు నిలబడిందో ఎన్నిసార్లు తెగిందో కూడా మామ్మే చెప్పేది.

తర్వాత 1977లో రాష్ట్రంలో గోవధ నిషేధ చట్టం వచ్చింది. ఎద్దులకీ గేదెలకీ సర్టిఫికెట్టు ఉండాలంది. చట్టం ఒకటి, చట్టం పేరు చెప్పి కర్ర పట్టుకునేవాడు ఇంకొకటి. 2016 జూలైలో గుజరాత్ ఉనాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళితుల్ని కట్టేసి కొట్టారు. నెల తిరక్కుండానే, ఆగస్టులో, మా అమలాపురంలో కరెంటు తగిలి చచ్చిన ఆవు తోలు తీస్తున్న మాదిగ అన్నదమ్ముల్ని, దొంగిలించి కోశారని చెట్టుకి కట్టి కొట్టారు. చస్తే తీసుకుపొమ్మని కబురు పెట్టేదీ ఊరే, తీసుకుపోతే కొట్టేదీ ఊరే. ఆ తర్వాత మా పేటలో ముసలాళ్ళు ఆ పని ముట్టుకోలేదు. ఇప్పుడు పెద్దకూర ఆదివారం తెల్లవారుజామున నల్ల కవర్లో వస్తుంది. నల్ల కవరు కూడా ఒక అలవాటే. దాన్ని నేర్పింది భయం.

1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆ బియ్యాన్ని ఎగతాళి చేసినవాళ్ళున్నారు, సోమరిపోతుల్ని చేస్తోందన్న కామందులున్నారు. వాళ్ళ బాధ వేరే. ఇంట్లో పదిహేను రోజులకి బియ్యం ఉంటే కూలోడు రేటు అడుగుతాడు. మా నాన్న ఆసామి దగ్గర పాలేరుతనం మానేసి రోజు కూలికి మారింది ఆ రోజుల్లోనే. తిండి మారితే మెడ కొంచెం లేస్తుంది. 1985లో కారంచేడు తర్వాత పేట పేటకీ దళిత మహాసభ మాట పాకిందంటే, దానికి వెనక చదువూ ఉంది, చర్చీ ఉంది, ఈ రెండు రూపాయల బియ్యమూ ఉంది. అయితే ఆ బియ్యంతోపాటు ఒకటి పోయింది కూడా. చోళ్ళు, గంట్లు పూర్తిగా పోయాయి. మూడు పూటలా తెల్లన్నమే. ఇవాళ మా పేటలో నలభై ఏళ్ళు దాటిన ప్రతి రెండో ఇంట్లో చక్కెర జబ్బు మాత్రలు కనపడతాయి. చోళ్ళేమో రాగులని పేరు మార్చుకుని సూపర్ బజార్లో మా బియ్యం కన్నా ఎక్కువ రేటుకి కూర్చున్నాయి.

1967 ప్రాంతంలో ఆచంట వైపు ఐఆర్-8 వరి వచ్చింది. మారుటేరు పరిశోధన కేంద్రం 1982లో స్వర్ణ వంగడం ఇచ్చింది. దిగుబడి పెరిగింది, అబద్ధం ఆడను. కానీ ఎరువులతోపాటు పురుగుమందులొచ్చాయి. ముందు చచ్చింది పురుగు కాదు, మా కూర. మడిలో నత్త పోయింది, పీత పోయింది, పరిగె పోయింది. మిగిలింది తిందామంటే మందు వాసన. 1990ల నుంచి రొయ్యల చెరువులొచ్చాయి. తీరంలో రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో తీర్పిచ్చింది. ఆ తర్వాత కూడా చెరువులు పెరిగాయి. వరి చేలో మా ఆడాళ్ళకి ఊడ్పుందీ, కలుపుందీ, కోతుందీ, పరిగుందీ. చెరువులో ఏముంది? ఒక కాపలావాడు, ఒక మోటారు. అక్కడ పెరిగే రొయ్య ఐస్ పెట్టెలో అమెరికా పోతుంది. వాటి తలలు ఒలిచే షెడ్డులో మా పేట ఆడపిల్లలు తెల్లవార్లూ నిలబడతారు. ఇంటికొచ్చి తినేది ఫారం కోడి మెడలు, కాళ్ళు.

చేలో పని పోయాక మా పిన్ని కువైట్ వెళ్ళింది. కోనసీమలో పేటకి పదిమంది ఆడాళ్ళైనా గల్ఫ్‌లో వంట చేస్తుంటారు. ఊళ్ళో ఏ పెద్దింట్లోనూ మా పిన్నిని వంటగదిలోకి రానివ్వలేదు. అరబ్బు ఇంట్లో వంటగదంతా ఆవిడ చేతుల్లోనే పెట్టారు. ఒళ్ళు హూనమయ్యే చాకిరీయే, కాదనను. కానీ తన చేతి వంట ఇంకొకరు తినడం ఆవిడకి నలభై ఏళ్ళ వయసులో మొదటిసారి. 'నా చెయ్యి మంచిదేనే అమ్మా' అని ఫోనులో అంది. ఆ ఒక్క మాటలో మన దేశ చరిత్ర ఎంతుందో చూడండి.

మా చిన్నప్పుడు బళ్ళో వంట లేదు. 1995 పథకం కింద, హాజరు సరిపడా ఉంటే నెలకి మూడు కిలోల బియ్యం ఇచ్చేవారు. 1996 నవంబరు 6 రాత్రి తుఫానుకి మా పాక ఎగిరిపోయి, పడిపోయిన కొబ్బరి చెట్ల మొవ్వలు తిన్న తర్వాత, ఆ మూడు కిలోలే నన్ను బడి మానకుండా చూశాయి. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు బళ్ళలో వండి పెట్టమంది. మన రాష్ట్రంలో 2003 జనవరి నుంచి పెడుతున్నారు. వంటవాళ్ళని పెట్టుకోవడంలో దళితులకి ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్లో అదే కోర్టు చెప్పింది. కోర్టు చెప్పినా ఊరు వినాలి కదా. నేను పనిచేసిన ఒక ఊళ్ళో మాదిగ ఆవిడ వంటకి వచ్చిన నెల నుంచి కొందరు పిల్లలు ఇంటి నుంచి క్యారేజీలు తెచ్చుకున్నారు. గుడ్డు పెట్టే రోజు మాత్రం వాళ్ళే ముందు లైన్లో నిలబడేవాళ్ళు. గుడ్డుకి పెంకు ఉంటుంది, ఆవిడ చెయ్యి లోపలికి తగలదు. ఇది పిల్లలకి ఇంట్లో నేర్పి పంపిన సైన్సు.

2024లో ఆ పథకానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. మా కోనసీమలో లంకల గన్నవరంలో పొయ్యి ఆర్పకుండా వచ్చినవాళ్ళందరికీ వండి పెట్టిన తల్లి. 1909లో పోయారు. ఆవిడకి దండం. అన్నం పెట్టినవాళ్ళ పేరు చరిత్రలో నిలబడటం మంచిదే. ఆ బియ్యం పండించిన చేతులు, దంచిన చేతులు, ఇవాళ పొగలో నిలబడి వందమందికి వండుతూ బిల్లుల కోసం నెలల తరబడి ఎదురుచూసే చేతులు, వీటి పేర్లు కూడా ఎక్కడో ఒకచోట రాసి పెట్టాలని మాత్రం అడుగుతున్నాను.

రాసేవాళ్ళు మనమే కావాలి. అందుకే నిరుడు ఏడో తరగతి పిల్లలకి ఒక పని ఇచ్చాను. ఇంట్లో ముసలాళ్ళని అడిగి, మీ వయసులో వాళ్ళు ఏం తిన్నారో, అది ఎక్కణ్ణుంచి వచ్చిందో రాసుకు రమ్మన్నాను. అన్ని కులాల పిల్లలూ రాశారు. ఆసామి ఇంటి పిల్లాడు, మా తాతయ్యకి పాలు పితికిపెట్టిన పాలేరు తాత మజ్జిగ తాగేవాడట అని రాశాడు. లంకలో ఉండే పిల్ల వరదల్లో చిలగడదుంపలతో గడిపిన వారం గురించి రాసింది. మా పేట పిల్లలు మాత్రం అన్నం, పప్పు, ఆకుకూరలు అని పాఠంలో ఉన్నది దించి తెచ్చారు. ఒక పిల్ల పుస్తకం ఇవ్వకుండా చివరిదాకా నిలబడింది. అందరూ వెళ్ళాక చూపించింది. నత్తలు, ఎలకలు, ఎండు తునకలు, గంజి. నాయనమ్మ చెప్పింది చెప్పినట్టు రాసుకొచ్చింది. 'ఇది ఉంచమంటారా మేడం, కొట్టేయమంటారా' అని అడిగింది.

ఉంచమన్నాను. పక్కన ఏ ఏడో కూడా రాయమన్నాను. నాయనమ్మకి ఏడు తెలియకపోతే, ఆ ఏడు వచ్చిన తుఫాను పేరో వరద పేరో అడిగి, లెక్క కట్టి తెమ్మన్నాను.